కోడ్ రాసేవాళ్లున్నారు.. లెక్క అడిగేవాళ్లేరీ?

ఎస్తోనియా పేరు చెప్పగానే మన ఇంజినీరింగ్ కుర్రాళ్లకు గుర్తొచ్చేవి రెండు మూడే. స్కైప్ సాఫ్ట్‌వేర్ అక్కడి ఇంజినీర్ల చేతిలో తయారైంది. 2014లో ఈ-రెసిడెన్సీ మొదలుపెట్టారు, ప్రపంచంలో ఏ మూలనున్నా ఆన్‌లైన్‌లోనే అక్కడ కంపెనీ పెట్టుకోవచ్చు. ఓటు కూడా ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్‌లో వేసేస్తారు. స్టార్టప్ మీటింగుల్లో, యూట్యూబ్ వీడియోల్లో ఈ కథ అరిగిపోయేంతగా విన్నాం.

నాకు మాత్రం ఆ దేశంలో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది వేరే ఉంది. దాని పేరు రీగికంట్రోల్. తెలుగులో చెప్పాలంటే జాతీయ ఆడిట్ కార్యాలయం. మనకు ఢిల్లీలో కాగ్ ఎలాగో, వాళ్లకు తాలిన్‌లో అది. ప్రభుత్వం ఖర్చుపెట్టిన ప్రతి యూరోకీ 'ఎందుకు పెట్టావు, ఏం వచ్చింది' అని అడగడమే దాని పని. ఉద్యోగాల పేజీలో ఈ గోల ఎందుకంటారా? క్యాంపస్ ప్లేస్‌మెంట్ల కోసం ఎదురుచూస్తున్న మనలో చాలామందికి ఆడిట్ అంటే కామర్స్ వాళ్ల వ్యవహారం, సీఏలు చూసుకునేది అనే లెక్క ఉంది. ఆ లెక్క తప్పు అనేది నా వాదన. ఎస్తోనియాని చూస్తే అది తేలిగ్గా అర్థమవుతుంది.

ముందు ఆ కార్యాలయం ఎప్పుడు పుట్టిందో చూడండి. ఎస్తోనియా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది 1918 ఫిబ్రవరి 24న. ఆ నవంబర్ 28న సోవియట్ రష్యాతో యుద్ధం మొదలైంది. ఎర్రసైన్యం రాజధాని తాలిన్ వైపు దూసుకొస్తోంది, జనవరి మొదటికల్లా 40 కిలోమీటర్ల దగ్గరికి వచ్చేసింది. దేశం ఉంటుందో పోతుందో తెలియని ఆ రోజుల్లో, డిసెంబర్ 27న వాళ్లు చేసిన పనుల్లో ఒకటి ఆడిట్ కార్యాలయం పెట్టుకోవడం! తుపాకులు కొనడానికే డబ్బుల్లేని సర్కారుకి లెక్కలు చూసేవాడు ఎందుకు అని మనకు అనిపిస్తుంది. డబ్బుల్లేవు కాబట్టే అవసరం. ఉన్న కాస్తా ఎవరి జేబులోకి పోతోందో తెలియకపోతే యుద్ధం మధ్యలోనే ఆగిపోతుంది.

1940లో సోవియట్ యూనియన్ దేశాన్ని ఆక్రమించుకోవడంతో కార్యాలయం కూడా పోయింది. మళ్లీ తెరుచుకున్నది 1990లో. స్వాతంత్ర్యం తిరిగి ప్రకటించుకున్నది 1991 ఆగస్టు 20న. అంటే దేశం పూర్తిగా చేతికి రాకముందే లెక్కలు చూసే ఆఫీసు వచ్చేసింది. మన దగ్గర కొత్త పథకం వస్తే ముందు లోగో వస్తుంది, తర్వాత యాప్ వస్తుంది, ఆడిట్ సంగతి ఎవరికీ గుర్తుండదు. సరే, ఆ మాట పక్కన పెడదాం.

ఎస్తోనియా జనాభా 13 లక్షల పైచిలుకు. మన విశాఖపట్నం నగరమంత కూడా లేదు. అంత చిన్న దేశంలో అందరూ అందరికీ తెలిసినవాళ్లే. మంత్రీ, అధికారీ, ఆడిటరూ ఒకే యూనివర్సిటీలో చదివి ఉంటారు, ఒకరి పెళ్లికి ఒకరు వెళ్లి ఉంటారు. అలాంటి చోట 'నీ లెక్క చూపించు' అనడం ఎంత కష్టమో మన ఊళ్లలో తిరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. అందుకే కాబోలు, వాళ్ల రాజ్యాంగం ఈ కార్యాలయానికి ఒక అధ్యాయమే కేటాయించింది. ఆడిటర్ జనరల్ పేరును అధ్యక్షుడు ప్రతిపాదిస్తారు, 101 మంది సభ్యులున్న పార్లమెంటు నియమిస్తుంది. పదవీకాలం 5 ఏళ్లు. తన ఆఫీసు నడపడంలో ఆయనకు ఒక మంత్రికి తన శాఖలో ఉండే హక్కులన్నీ ఉంటాయి. ఆయన మీద క్రిమినల్ కేసు పెట్టాలంటే పార్లమెంటులో మెజారిటీ ఒప్పుకోవాలి. ఏటా బడ్జెట్ అమలు నివేదిక చర్చకు వచ్చినప్పుడే, ప్రభుత్వ ఆస్తుల వాడకం ఎలా ఉందో ఈయన పార్లమెంటుకు విడిగా చెప్పాలి.

ఇంతకీ ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారు? 2013 నుంచి 2018 వరకు ఆడిటర్ జనరల్‌గా ఉన్న అలార్ కారిస్ చదివింది పశువైద్యం. తర్వాత మాలిక్యులర్ జెనెటిక్స్‌లో పరిశోధన చేశారు, తార్తు యూనివర్సిటీకి రెక్టార్‌గా పనిచేశారు. బ్యాలెన్స్ షీట్లతో పెరిగిన మనిషి కాదు. 2021లో అదే దేశానికి అధ్యక్షుడయ్యారు. పశువుల డాక్టరు దేశం లెక్కలు చూశారంటే ఎవరైనా చూసేయొచ్చని అర్థం కాదు. సాక్ష్యం లేకుండా ఏదీ రాయకూడదు అనే ల్యాబ్ అలవాటు ఆడిట్‌లో కూడా పనికొస్తుందని మాత్రం అర్థం.

అంతకుముందు, 1998 నుంచి 2002 వరకు ఆ పదవిలో ఉన్న యుహాన్ పార్ట్స్ న్యాయశాస్త్రం చదివారు. 2002లో ఆ పదవి వదిలి పార్టీ నాయకుడయ్యారు, 2003లో ప్రధానమంత్రి అయిపోయారు. ఇది నాకు నచ్చలేదు. నిన్నటిదాకా ప్రభుత్వాన్ని ప్రశ్నించిన రిపోర్టులు, రేపటి ఎన్నికల ప్రచారానికి సరుకుగా కనిపిస్తే ఆ ఆఫీసు మాట ఎవరు నమ్ముతారు? ఈ విషయంలో మన రాజ్యాంగం రాసినవాళ్లు ముందుచూపుతో ఉన్నారు. కాగ్‌గా పనిచేసినవాళ్లు ఆ తర్వాత కేంద్రంలో గానీ రాష్ట్రాల్లో గానీ ప్రభుత్వ పదవి చేపట్టకూడదని 148వ అధికరణంలో రాసిపెట్టారు.

ఇక అసలు విషయం, మన సబ్జెక్టు. ఎస్తోనియాలో ప్రభుత్వం అంటేనే సాఫ్ట్‌వేర్. 2001 నుంచి ఎక్స్-రోడ్ అనే వ్యవస్థ మీద శాఖల డేటాబేస్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయి. ఐడీ కార్డులో చిప్ ఉంటుంది. బ్యాంకు లాగిన్, డాక్టర్ ప్రిస్క్రిప్షన్, సంతకం, ఓటు అన్నిటికీ అదే ఆధారం. 2017 ఆగస్టు చివర్లో చెక్ రిపబ్లిక్‌కు చెందిన పరిశోధకులు ఒక కబురు పంపారు. కార్డు చిప్‌లో రహస్య కీలను తయారుచేసే కోడ్‌లో లోపం ఉంది, బయటకు కనిపించే పబ్లిక్ కీ నుంచి లోపలి ప్రైవేట్ కీని లెక్కకట్టే అవకాశం ఉంది అని. అలాంటి కార్డులు దాదాపు 7.5 లక్షలు! 13 లక్షల దేశంలో అది ఎంత భాగమో మీరే చూడండి. పైగా అక్టోబర్‌లో స్థానిక ఎన్నికలు. సెప్టెంబర్ మొదటివారంలోనే ప్రభుత్వం విషయాన్ని జనానికి చెప్పేసింది. నవంబర్ 3 రాత్రి ఆ కార్డుల సర్టిఫికెట్లు నిలిపివేసి, కొత్తవి అప్‌డేట్ చేసుకోమంది.

దొంగతనం జరిగిన దాఖలా లేదు. ఎన్నికలు కూడా ఆగలేదు. కానీ లోపం బయటపెట్టింది ఎవరు? బయటి దేశం పరిశోధకులు. దేశం మొత్తం ఒక చిప్ మీద నడుస్తున్నప్పుడు, 'ఈ చిప్ పాడైతే మన ప్లాన్ బి ఏమిటి' అని అడిగే మనిషి లోపలే ఉండాలి కదా.

రీగికంట్రోల్ ఇలాంటి ప్రశ్నల్లోకే దిగింది. 2018లో, దేశానికి అత్యంత కీలకమైన డేటాబేస్‌ల భద్రత, బ్యాకప్‌ల మీద ఆడిట్ చేసింది. అప్పటికే లక్సెంబర్గ్‌లో 'డేటా ఎంబసీ' పెడుతున్నామని ఎస్తోనియా గొప్పగా చెప్పుకుంటోంది. దేశం మీద దాడి జరిగినా రికార్డులు పోకుండా, రాయబార కార్యాలయానికి ఉండే రక్షణతో వేరే దేశంలో సర్వర్లు పెట్టుకోవడం అన్నమాట. ఐడియా సూపర్. ఆడిటర్లు మాత్రం ఐడియా గురించి అడగలేదు. ఏ డేటాబేస్ కాపీ నిజంగా దేశం బయట ఉంది, ఏది లేదు అని చూశారు. అన్నిటికీ లేదని తేలింది. 2019లో ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల నిర్వహణ మీద ఇంకో ఆడిట్. ఏం కావాలో ముందు సరిగ్గా తేల్చుకోకపోవడం, టైము దాటడం, ఖర్చు పెరగడం. మన ఐటీ కంపెనీల్లో పనిచేసిన ఎవరికైనా తెలిసిన పాటే.

నాకు బాగా తెలుసు. నేను మొదట పనిచేసిన కంపెనీలో ఒక ప్రభుత్వ పోర్టల్ ప్రాజెక్టు ఉండేది. పేర్లు వద్దు. ప్రతి శుక్రవారం స్టేటస్ రిపోర్టులో అన్ని గడులూ పచ్చగా ఉండేవి. టెస్టింగ్‌లో ఉన్న నాకు మాత్రం సగం ఫారాలు సబ్మిట్ అవ్వవని తెలుసు. ఆ రిపోర్టు చేసినవాళ్లకీ తెలుసు, క్లయింటు వైపు మేనేజర్‌కీ తెలుసు. 'ఆ పచ్చ గడికి ఆధారం చూపించు' అని అడగడం మాత్రం ఎవరి జాబ్ డిస్క్రిప్షన్‌లోనూ లేదు. ఆడిట్ అంటే ఆ ప్రశ్న అడిగినందుకు జీతం ఇచ్చే ఉద్యోగం.

మన దేశంలో ఇలాంటి పని జరగట్లేదా అంటే, జరుగుతోంది. మనమే చదవట్లేదు. ఆధార్ జారీచేసే సంస్థ పనితీరు మీద కాగ్ చేసిన ఆడిట్ 2022లో పార్లమెంటు ముందుకొచ్చింది. 2019 నవంబర్ నాటికి 4.75 లక్షలకు పైగా ఆధార్ నంబర్లను డూప్లికేట్ అని రద్దు చేయాల్సి వచ్చిందని అందులో ఉంది. ఒక మనిషికి ఒకే నంబర్ అన్న వ్యవస్థలో ఇది చిన్న సంగతి కాదు. ఇంకా ఆసక్తికరమైనది 2023లో ఆయుష్మాన్ భారత్ పథకం మీద వచ్చిన రిపోర్టు. లబ్ధిదారుల డేటాబేస్‌లో దాదాపు 7.5 లక్షల మందికి ఒకే మొబైల్ నంబర్ ఉంది. ఆ నంబర్ ఏమిటంటే పది తొమ్మిదులు. 9999999999! లబ్ధిదారుల అర్హత తేల్చడానికి మొబైల్ నంబర్ వాడం అని ప్రభుత్వం వివరణ ఇచ్చింది. అది కూడా వినాల్సిందే. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఇది కనిపెట్టడానికి ఏ రాకెట్ సైన్స్ కావాలి? ఎస్‌క్యూఎల్‌లో ఒక 'గ్రూప్ బై', ఒక 'కౌంట్'. మూడో సెమిస్టర్ డీబీఎంఎస్ ల్యాబ్‌లో మనం రికార్డు కోసం రాసి మర్చిపోయిన క్వెరీ. ఆ క్వెరీని దేశంలోని అతిపెద్ద ఆరోగ్య పథకం మీద నడిపే అధికారం ఒక ఆఫీసుకు ఉంది. అక్కడ కూర్చున్నవాళ్లకు ఆ క్వెరీ తట్టాలి. అంతే తేడా.

కాబట్టి పథకాలన్నీ యాప్‌లూ పోర్టళ్లూ అయిపోయాక ఆడిట్‌కు వోచర్ల కట్టలు తిరగేసేవాళ్లు మాత్రమే సరిపోరు. లాగ్స్ చదవగలిగినవాళ్లు, డేటాబేస్ స్కీమా చూసి 'ఈ ఫీల్డ్ ఖాళీగా ఎలా వదిలారు' అనగలిగినవాళ్లు, టెండర్ డాక్యుమెంట్లో రాసినదీ సర్వర్లో ఉన్నదీ ఒకటేనా అని పోల్చగలిగినవాళ్లు కావాలి. కాగ్ 2016లోనే డేటా అనలిటిక్స్‌కు ఢిల్లీలో ప్రత్యేక కేంద్రం పెట్టింది. నోయిడాలో సమాచార వ్యవస్థల ఆడిట్ కోసం అంతర్జాతీయ శిక్షణ కేంద్రం ఉంది. ఇతర దేశాల ఆడిటర్లు కూడా వచ్చి నేర్చుకుంటారు.

దారి ఎలా? ఎక్కువమందికి తెలిసినది ఎస్ఎస్‌సీ సీజీఎల్. ఆ నోటిఫికేషన్ చూసేటప్పుడు మనవాళ్లు ఇన్‌కమ్ ట్యాక్స్ ఇన్‌స్పెక్టర్, ఎక్సైజ్ ఇన్‌స్పెక్టర్ పోస్టుల దగ్గరే ఆగిపోతారు. పోస్టు ప్రాధాన్యాల లిస్టులో అసిస్టెంట్ ఆడిట్ ఆఫీసర్ అనేది కూడా ఉండేది. గెజిటెడ్ హోదా, ఏడో వేతన సంఘం ప్రకారం మూలవేతనం 47,600 రూపాయలు, ఆ పరీక్షలో అప్పట్లో దొరికిన పోస్టుల్లో పై మెట్టు. ఏ డిగ్రీ అయినా సరిపోయేది, బీటెక్‌కు అడ్డేమీ ఉండేది కాదు. చేరాక శాఖాపరంగా ఎస్ఏఎస్ పరీక్ష పాసవ్వాల్సి ఉండేది, అది తేలిక కాదు. అదే శాఖలో పైస్థాయికి సివిల్స్ ద్వారా ఇండియన్ ఆడిట్ అండ్ అకౌంట్స్ సర్వీస్ ఉంది. ఐఏఎస్ రాకపోతే ఏదో ఒకటి అన్నట్టు దాన్ని కిందికి తోసేస్తుంటారు. పంచాయతీలు, మున్సిపాలిటీల లెక్కలు చూసే రాష్ట్ర ఆడిట్ శాఖల పోస్టులు మన గ్రూప్స్ నోటిఫికేషన్లలో కనిపిస్తుంటాయి. ప్రైవేటులో అయితే ఐటీ ఆడిట్, ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ ఆడిట్ అని వేరే ప్రపంచమే ఉంది. ప్రభుత్వ సైట్లను తనిఖీ చేయడానికి సెర్ట్-ఇన్ గుర్తింపు ఉన్న సంస్థలు ఉంటాయి, వాటిలో ఫ్రెషర్లనూ తీసుకుంటారు. సీసా అనే అంతర్జాతీయ సర్టిఫికెట్‌కు ఈ రంగంలో మంచి విలువ. కాకపోతే పరీక్ష పాసైనా అనుభవం చూపిస్తేనే సర్టిఫికెట్ ఇస్తారు. కాబట్టి 'నెల రోజుల్లో సీసా' అనే కోచింగ్ ప్రకటనలు చూసి డబ్బులు కట్టేయకండి.

ఇక్కడ నిజం కూడా చెప్పాలి. ఈ ఉద్యోగంలో గ్లామర్ లేదు. ఆడిటర్‌ని చూసి ఏ ఆఫీసులోనూ ఎదురొచ్చి స్వాగతం చెప్పరు. ఫైలు అడిగితే సంబంధిత గుమాస్తా సెలవులో ఉన్నాడంటారు. మీ వయసువాడే ప్రొడక్ట్ కంపెనీలో మీకు మూడింతలు సంపాదిస్తుంటాడు. అన్నిటికంటే పెద్ద చికాకు వేరే ఉంది. ఆడిటర్ శిక్ష వేయలేడు. ఎస్తోనియాలోనూ అంతే, మన దగ్గరా అంతే. ఒక పనిని ఆపమని ఆర్డర్ ఇవ్వలేడు, ఎవరినీ సస్పెండ్ చేయలేడు. రాయగలడు, అంతే. మిగతాది పార్లమెంటు చూసుకోవాలి. అక్కడ బడ్జెట్ నియంత్రణ మీద ప్రత్యేక కమిటీ ఉంది, ఇక్కడ ప్రజా పద్దుల కమిటీ ఉంది. ఆడిటర్ చేతికి అందనివి కూడా చాలా ఉంటాయి. ఒక డెన్మార్క్ బ్యాంకుకు చెందిన ఎస్తోనియా శాఖ గుండా 2007 నుంచి 2015 మధ్య దాదాపు 200 బిలియన్ యూరోల అనుమానాస్పద డబ్బు పారింది. ప్రైవేటు బ్యాంకు కాబట్టి అది రీగికంట్రోల్ పరిధిలోకే రాదు.

రాయడం మాత్రమే చేతిలో ఉన్నవాడికి, ఆ రాసింది ఎప్పుడు బయటికి వస్తుందన్నదే ప్రాణం. చిన్న దేశం మనకంటే ముందున్నది ఇక్కడే. రీగికంట్రోల్ ఆడిట్ పూర్తవగానే, సంబంధిత మంత్రిత్వశాఖ ఇచ్చిన జవాబుతో సహా తన రిపోర్టును తానే ప్రజల ముందు పెడుతుంది. మన దగ్గర రాష్ట్రాల రిపోర్టు గవర్నర్‌కు వెళ్లాలి, అక్కడి నుంచి అసెంబ్లీలో పెట్టాలి. అప్పటిదాకా బయటికి రాదు. ఎప్పుడు పెట్టాలో గడువు లేదు. చాలాసార్లు సమావేశాల ఆఖరి రోజున, చర్చకు టైము లేనప్పుడు టేబుల్ మీదికి వస్తుంది. అప్పటికి ఆ పోర్టల్ కట్టిన కంపెనీ వేరే రాష్ట్రంలో వేరే పోర్టల్ కట్టుకుంటూ ఉంటుంది. రిపోర్టు కాగ్ సంతకం చేసిన 60 రోజుల్లో సభలో పెట్టకపోతే తానంతట తానే బహిరంగం అయ్యేలా చట్టం ఉండాలని నా అభిప్రాయం. సాఫ్ట్‌వేర్‌లో సెక్యూరిటీ లోపం కనిపెట్టినవాళ్లు కంపెనీకి 90 రోజులు టైమిచ్చి తర్వాత బయటపెట్టే పద్ధతి ఉంది. మనం దాన్ని తప్పుపట్టం. ప్రజల డబ్బు విషయంలో ఆ పద్ధతి ఎందుకు ఉండకూడదు?

2024 నవంబర్‌లో కాగ్ బాధ్యతలు తీసుకున్న కె.సంజయ్ మూర్తి తెలుగువారే. ఆ వార్త వచ్చిన రోజు మన వాట్సాప్ గ్రూపుల్లో గర్వంగా షేర్ చేసుకున్నాం. మంచిదే. ఆయన ఆఫీసు రాసిన ఒక్క రిపోర్టయినా చదివారా అని నా ఫ్రెండ్స్‌ని అడిగితే ఒక్కరూ చేయెత్తలేదు. ఉపాధి హామీ సోషల్ ఆడిట్ గ్రామసభలో కూర్చుని, ఎవరి పేరు మీద ఎన్ని పనిదినాలు రాశారో మైకులో చదువుతుంటే విన్న పల్లెటూరి కుర్రాళ్లకు ఈ పని రుచి మనకంటే బాగా తెలుసు.

ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ప్రాజెక్టు కావాలని అందరూ అదే హోటల్ బుకింగ్ యాప్, అదే అటెండెన్స్ సిస్టమ్ చేస్తుంటారు. దాని బదులు ఒకటి చేసి చూడండి. కాగ్ వెబ్‌సైట్‌లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రిపోర్టులు విడివిడిగా, ఉచితంగా ఉన్నాయి. ఏదైనా ఐటీ వ్యవస్థ మీద వచ్చినది ఒకటి దింపుకోండి. ముందుమాట వదిలేసి నేరుగా అనుబంధాల్లోకి వెళ్లండి, పట్టికలన్నీ అక్కడే ఉంటాయి. మీ జిల్లా పేరు వెతికి, ఆ వరుసలోని అంకెలు ఏ డేటా నుంచి, ఏ క్వెరీతో వచ్చి ఉంటాయో కాగితం మీద రాసుకోండి. రెండు మూడు సాయంత్రాల పని.